సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ టూర్: అమ్మకి చీరలు సర్దాలా, చుడీదార్లా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ చెన్నైలో విమానం ఎక్కి బ్యాంకాక్, పట్టాయా, కౌలాలంపూర్, సింగపూర్ చూసొద్దామని ట్రావెల్స్‌లో డబ్బు కట్టేశాం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే పాప. టికెట్లు, వీసాలు వాళ్లే చూసుకుంటున్నారు. బట్టల పంచాయితీ మాత్రం మా ఇంట్లో తెగడం లేదు.

అమ్మకి అరవై దాటాయి. పెళ్లయిన దగ్గర్నుంచి చీర తప్ప ఇంకోటి ఎరగదు. మా ఆవిడ ముచ్చటపడి చుడీదార్లు కుట్టిస్తే అమ్మ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాన్నది పంచె, లాల్చీ. "తిరుమల కొండకి పంచెతోనే కదా పోతాం, ఆ ఊళ్లకి పోతే ఏం?" అంటున్నారు. పాపకేమో షార్ట్స్ తప్ప ఏవీ వద్దు, నాయనమ్మకి అవి కిట్టవు. ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితంలో 'స్మార్ట్ క్యాజువల్స్ తెచ్చుకోండి' అని ఒక్క ముక్క రాసి చేతులు దులిపేసుకున్నారు.

వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. చీరతో ఇబ్బందా? గుళ్లలో రూల్స్ ఏమిటి? చెప్పులా, బూట్లా?

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

చీరలు కట్టుకుని ఫారిన్ ఏంది సామీ! ట్రాక్ ప్యాంటు, టీషర్టు వేయించండి. అక్కడ పంచెలు, చీరల్లో తిరుగుతుంటే అందరూ వింతగా చూస్తారు. ఫొటోలు కూడా బాగా రావు.

రంగనాయకులపేట_అక్క (నెల్లూరు)

ఎవరు చూస్తారు తమ్ముడూ? సింగపూర్‌లో లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడు. చీరలు, లుంగీలు, మల్లెపూలు, అన్నీ మన చిన్నబజారు లెక్కే ఉంటుంది. తమిళం అక్కడ నాలుగు అధికార భాషల్లో ఒకటి. కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ కూడా అంతే. తరతరాలుగా మనవాళ్లున్న ఊళ్లు అవి. ఎవరూ తలతిప్పి చూడరు.

చీరతో చిక్కు చూసేవాళ్ల కళ్లల్లో లేదు, కింద కుచ్చిళ్లలో ఉంది. ఎస్కలేటర్లు, స్పీడు బోట్లు, విమానంలో బాత్రూమ్. ఈ మూడింటి సంగతి చూసుకుంటే చాలు.

సింగపూర్ మెట్రో స్టేషన్లలో ఎస్కలేటర్లు మన మాల్స్‌లో వాటికంటే వేగంగా నడుస్తాయి. అంచు పళ్లలో పడితే లాగేస్తుంది. అమ్మగారిని ఎక్కేముందు కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకోమని చెప్పండి. చీర కూడా చీలమండ పైకి రెండంగుళాలు ఎత్తి కట్టుకోవాలి. నేలని ఊడ్చేలా కట్టడం పెళ్లిళ్లకి బాగుంటుంది. ఇంకో సంగతి, పాప ఆ మెత్తటి రబ్బరు క్లాగ్స్ వేసుకుంటే ఎస్కలేటర్ పక్కగోడకి కాలు ఆనించనివ్వొద్దు. అవి ఇరుక్కుపోయే రకం.

ఇది మగవాళ్లు రాయరు కాబట్టి నేనే రాస్తాను. విమానంలో బాత్రూమ్ ఇరుకు, నేల తడిగా ఉంటుంది. కుచ్చిళ్లు ఎత్తి బొడ్డులో దోపుకుని, కొంగు మెడ చుట్టూ వేసుకుని వెళ్లాలి. ఇంట్లో ఒకసారి చెప్పి పంపండి. చెప్పకపోతే పెద్దవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, దిగేసరికి కాళ్లు వాచి తలనొప్పితో కూర్చుంటారు.

పెన్నా_ఒడ్డు

అక్కా, అమ్మకి చదివి వినిపించాను. "ఈమెవరో బుద్ధిమంతురాలు" అంది. మా ఆవిడ మొహం మాడింది.

ట్రంకురోడ్డు_టైలర్ (నెల్లూరు)

చీరే అని తేలితే మా వృత్తి మాట నాలుగు ముక్కలు.

మొదట లోపావడా. బొందు లాగి గట్టిగా కట్టే పావడాతో పొద్దుటినుంచి రాత్రిదాకా నడిస్తే నడుము ఒరుసుకుని ఎర్రగా కమిలిపోతుంది. దానికి బదులు రెండంగుళాల వెడల్పు పట్టీ పెట్టి, పక్కన హుక్కు వేయించండి. కింద ఘేరు తక్కువ ఉండాలి, కానీ మెట్లెక్కడానికి రెండు పక్కలా జానెడు చీలిక ఇవ్వాలి. పావడాకి లోపలివైపు జిప్పున్న జేబు కుట్టించుకోండి. డబ్బు, పాస్‌పోర్టు జిరాక్స్ అందులో ఉంటే హ్యాండ్‌బ్యాగు పోయినా కంగారు లేదు. పెద్దాయన లాల్చీకి పక్క జేబులు లోతుగా, పైన గుండీతో ఉండాలి. మామూలు లాల్చీ జేబులో ఫోను పెట్టుకుని బస్సులో కూర్చుంటే జారి సీటు కింద పడుతుంది.

గుడ్డ సంగతి. వెంకటగిరి నూలు చీర ఒంటికి హాయి, బరువు ఉండదు. కానీ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర సూట్‌కేసులో రెండు రోజులుంటే నలిగి ముద్దవుతుంది, హోటల్లో గంజి ఎవరు పెడతారు? అలాగని పూర్తి సింథటిక్ వద్దు. ఆ ఊళ్లలో గాలిలో తడి ఎక్కువ, చెమట పట్టి ఒంటికి అతుక్కుంటుంది. నూలూ పాలియెస్టరూ కలిసిన మెత్తటి చీరలు, గంజి లేకుండా, రెండు మూడు చాలు. రాత్రి ఉతికి, తడి చీరని హోటల్ తువ్వాల్లో చుట్టి గట్టిగా అదిమితే నీళ్లన్నీ తువ్వాలు పీల్చేస్తుంది. ఏసీ గదిలో తెల్లారేసరికి ఆరిపోతుంది. జాకెట్లు మోచేతి దాకా, నూలు లైనింగుతో. వలగుడ్డ జాకెట్లు, చేతుల్లేని జాకెట్లు ఈ టూరుకి వద్దు, ఎందుకో గుళ్ల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

మైపాడు_అల (నెల్లూరు)

గుళ్ల సంగతి నేను చెబుతాను. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో గేటు దగ్గరే ఆపుతారు. అందులోనే పచ్చ బుద్ధుడి గుడి ఉంది, అందుకే అంత కట్టుదిట్టం. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. షార్ట్స్, స్లీవ్‌లెస్, ఒళ్లు కనిపించే పల్చటి బట్టలు, చిరుగుల జీన్స్ ఒప్పుకోరు. మగవాళ్లకీ అదే రూలు. మొగుళ్లు నిక్కర్లతో వచ్చి గేటు దగ్గర ఆగిపోతే భార్యలు లోపల ఫొటోలు దిగుతుండటం అక్కడ రోజూ కనిపించే తమాషా. బయట రోడ్డుమీద ఏనుగు బొమ్మల ప్యాంట్లు అమ్ముతారు, చాలామంది అప్పటికప్పుడు కొనుక్కుని పైనుంచి తొడుక్కుంటారు. పల్చటి గుడ్డ, గాలి బాగా ఆడుతుంది. మీ పాపకి అవి నచ్చుతాయి చూడండి.

అమ్మగారి చీరకి చేతులున్న జాకెట్ ఉంటే, కొంగు నడుము మీదుగా నిండుగా లాగి దోపుకుంటే ఎవరూ ఏమీ అనరు. నాన్నగారి పంచెకీ అడ్డు లేదు. ఒక్కటే, మన పెద్దవాళ్లకి ఉక్కపోస్తే పంచె ఎగ్గట్టే అలవాటు. గేటు కనిపించగానే దించమని చెప్పండి :) పల్చటి తెల్లపంచె ఎండలో లోపలి డ్రాయరు చూపిస్తుంది, కాబట్టి కాస్త మందంగా ఉన్నది, లోపల మోకాళ్ల దాకా నిక్కరు.

గుడి లోపలికి చెప్పులు విప్పాల్సిందే. రోజుకి నాలుగైదుసార్లు విప్పి తొడుక్కోవాలి. లేసుల బూట్లతో ప్రాణం విసిగిపోతుంది.

పొదలకూరు_నిమ్మ (నెల్లూరు జిల్లా)

బుద్ధుడి బొమ్మ ఉన్న టీషర్టులు కూడా వద్దు. థాయ్‌లాండ్, శ్రీలంక రెండు చోట్లా అది అపచారం కింద లెక్క. శ్రీలంకలో చేతిమీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2014లో ఒక బ్రిటిష్ టూరిస్టుని వెనక్కి పంపేశారు. క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంతధాతువు గుడికి భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, అక్కడివాళ్లు తెల్లబట్టల్లో వస్తారు. అదే జాఫ్నా వెళ్లి నల్లూరు కందస్వామి గుడికి పోతే మగవాళ్లు చొక్కా విప్పి లోపలికి వెళ్లాలి. ఒకే దేశం, ఒక గుడిలో కప్పుకోమంటారు, ఇంకో గుడిలో విప్పమంటారు.

ఒంగోలు_గిత్త

సరే, చీర విషయంలో నేను తగ్గుతున్నా. పంచె విషయంలో తగ్గను. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌లో రైడ్లు ఎక్కేటప్పుడు పంచె ఊడితే ఎవరిది బాధ్యత?

పెన్నా_ఒడ్డు

హహ. నాన్న రైడ్లు ఎక్కరు. బయట కూర్చుని బ్యాగులు కాస్తానంటున్నారు.

కొత్తపట్నం_కెరటం (ఒంగోలు)

టూర్ల వాళ్లు చెప్పనిది ఒకటుంది, పట్టాయాలో కోరల్ ఐలాండ్ రోజు. స్పీడు బోటులో తీసుకెళ్తారు. ఎక్కేటప్పుడో దిగేటప్పుడో మోకాళ్ల లోతు నీళ్లలో నడవాల్సి రావచ్చు. పైన లైఫ్ జాకెట్ కట్టాలి. బోటు అలలమీద ఎగిరెగిరి పడుతుంది. తడిసిన చీర బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, పెద్దామె తూలితే పట్టుకోవడం కూడా కష్టం. ఆ ఒక్కరోజు మాత్రం చుడీదారే. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. పల్చటి సింథటిక్ టాప్, చీలమండ దాకా వచ్చే బిగుతు ప్యాంటు, పైన పల్చటి సింథటిక్ చున్నీ. బీరువా తాళం ఆ రోజుకైనా తీయించండి.

ఇంకోటి, స్విమ్మింగ్ పూల్. చాలా హోటల్ పూల్స్‌లో, వాటర్ పార్కుల్లో నైలాన్, లైక్రా ఈత బట్టలుంటేనే దిగనిస్తారు. నూలు బనీను, బర్ముడా, చుడీదార్ వేసుకుని దిగుతామంటే కుదరదు. నూలు దారాలు ఊడి ఫిల్టర్లకి అడ్డం పడతాయి. ఒళ్లు కనిపించడం ఇష్టం లేనివాళ్లకి ఫుల్ చేతులు, పొడుగు కాళ్లు ఉన్న ఈత సూట్లు దొరుకుతాయి. మలేషియాలో చాలామంది ఆడవాళ్లు అవే వేసుకుంటారు. మీ ఆవిడకీ, పాపకీ ఇక్కడే కొనండి.

పొదిలి_పిల్ల (పొదిలి)

పాప తరఫున నేను మాట్లాడతాను, ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. సింగపూర్‌లో, బ్యాంకాక్‌లో వీధిలో షార్ట్స్ అతి మామూలు. అక్కడ ఎవరికీ పట్టింపు లేదు. నాయనమ్మగారికి కిట్టకపోవడం ఇంటి సంగతి, దాన్ని 'అక్కడ బాగోదు' అని దేశం మీదికి నెట్టొద్దు. బ్యాగులో ఒక పల్చటి ప్యాంటు మడిచి పెట్టుకుంటే గుడి దగ్గర తొడుక్కుంటుంది, అయిపోయింది.

కౌలాలంపూర్ దగ్గర బటు కేవ్స్‌లో మురుగన్ గుడి మీ లిస్టులో ఉండే ఉంటుంది. అక్కడ పొట్టి బట్టలతో వచ్చిన ఆడవాళ్లకి మెట్ల దగ్గరే సారంగ్ (లుంగీలాంటి గుడ్డ) అద్దెకి ఇచ్చి చుట్టుకోమంటారు. 272 మెట్లు, నిటారుగా. కోతులు చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే వదలవు, వేలాడే దుపట్టాలు కూడా లాగుతాయి. కొంగు బొడ్డులో దోపుకోమనండి.

రంగనాయకులపేట_అక్క

పొదిలి పిల్ల మాట నిజం. మా కోడలి విషయంలో నేను కూడా దేశం మీదికే నెట్టేదాన్ని.

కావలి_కుర్రాడు (కావలి)

ఎండ గురించి ఎవరూ రాయలేదు. మే నెల రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ చూసినవాళ్లకి సింగపూర్ 32 డిగ్రీలు ఒక లెక్కా అనుకుంటాం. లెక్కే. అక్కడ తడి గాలికి చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఆరకపోతే 32 కూడా నలభై లాగా ఉంటుంది. తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది, సాయంత్రానికి కాళ్లు ఎడంగా వేసి నడుస్తారు. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. చీర కింద అయినా, పంచె కింద అయినా మోకాలి పైదాకా వచ్చే మెత్తటి బిగుతు నిక్కరు వేసుకుంటే ఒరిపిడి ఉండదు. పౌడరు చెమటకి ముద్ద కడుతుంది, వాజలిన్ రాయడం మేలు.

ఇక ఇంకో వైపు, మాల్స్, బస్సులు, మెట్రో అంతా ఏసీ. బయట చెమటతో తడిసి లోపలికి వెళ్తే పళ్లు టకటకలాడతాయి. పెద్దవాళ్లిద్దరికీ ఒక్కో పల్చటి శాలువా. విమానంలోనూ పనికొస్తుంది. కౌలాలంపూర్ నుంచి గెంటింగ్ హైలాండ్స్ కేబుల్ కారులో తీసుకెళ్తారు కదా, అది దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. పొగమంచు, చల్లగాలి. స్వెటర్ ఒకటి ఉండాలి.

మధ్యాహ్నం ఉన్నట్టుండి కుంభవృష్టి పడుతుంది. జీన్స్ తడిస్తే రెండు రోజులైనా ఆరవు. నేనైతే జీన్స్ అసలు తీసుకెళ్లను. విమానంలో వేసుకెళ్తే కూర్చున్నంతసేపూ నడుము దగ్గర కోస్తుంది కూడా.

మార్కాపురం_పలక (మార్కాపురం)

బూట్ల గురించి అడిగారు. కొత్త బూట్లు కొని తిన్నగా విమానం ఎక్కొద్దు. నెల ముందే కొని, రోజూ వీఆర్‌సీ గ్రౌండ్‌లో అమ్మానాన్నల్ని వాటితోనే నడిపించండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సరైన సైజు తెలుస్తుంది. చీర కింద స్పోర్ట్స్ బూట్లు బాగోవని పెద్దవాళ్లు మొండికేస్తారు. వెనక పట్టీ ఉండి, అరికాలు మెత్తగా ఉన్న శాండిల్స్ అయితే చీరకీ పంచెకీ కలుస్తాయి, గుడి దగ్గర విప్పడమూ తేలికే. హవాయి చెప్పులు మాత్రం గదిలోకే.

మా వాళ్లు యూరప్ వెళ్లినప్పటి సంగతి కూడా రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ 570 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్‌లో మధ్యాహ్నం చొక్కా చాలు. అక్కణ్నుంచి రైలెక్కి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కి వెళ్తే 3,454 మీటర్లు. అక్కడ మంచు, ఈదురుగాలి, చేతులు కొంకర్లు పోతాయి. పూటలో వేసవి నుంచి చలికాలంలోకి. అందుకని ఒక్క పెద్ద కోటుని నమ్ముకోకూడదు. ఒంటికి అంటి థర్మల్, దానిమీద ఉన్ని లేదా ఫ్లీస్, దానిమీద గాలి దూరని జాకెట్, ఇలా పొరలు పొరలుగా వేసుకుంటే వేడెక్కినప్పుడు ఒక్కోటి తీసేయొచ్చు. లోపల నూలు బనీను వద్దు, చెమట పీల్చి తడిగా ఉండి చలి పుట్టిస్తుంది. మన ఊళ్లో మనల్ని కాపాడే నూలే అక్కడ పగవాడు.

చీర మానని మా పిన్ని అక్కడ కూడా చీరే కట్టింది. పావడా కింద థర్మల్ ప్యాంటు, ఉన్ని సాక్సులు, చీర జాకెట్ బదులు ఫుల్ చేతుల థర్మల్, పైన కోటు. ఒక్కరోజు కూడా వణకలేదు. వణికింది ఫ్యాషన్ కోటు వేసుకున్న మా బావ.

ట్రంకురోడ్డు_టైలర్

మార్కాపురం వారు చెప్పిన థర్మల్ జాకెట్ ఆలోచన బాగుంది. మెడ గుండ్రంగా కాకుండా వెడల్పుగా ఉన్నది చూసి కొంటే చీరకి నప్పుతుంది. చెన్నైలో డెకాథ్లాన్‌లో రకరకాలు దొరుకుతాయి.

పొదిలి_నుంచి_దుబాయ్ (దుబాయ్)

పై ఊళ్ల గురించి నాకు తెలియదు కానీ ఈ చర్చ చదివేవాళ్లలో దుబాయ్ వచ్చేవాళ్లు ఎక్కువే ఉంటారు. ఇక్కడ ఆడవాళ్లు బురఖా వేసుకోవాలా అని ఊరినుంచి వచ్చే ప్రతివాళ్లూ అడుగుతారు. అక్కర్లేదు. బీచ్‌లో ఈత బట్టలు మామూలే, కానీ అవే వేసుకుని మాల్‌లోకి రాకూడదు. మాల్ గుమ్మాల దగ్గర భుజాలు, మోకాళ్లు కప్పుకోమని బోర్డులుంటాయి. మన చీర, చుడీదార్ ఇక్కడ రోజూ కనిపించేవే.

అబుదాబిలో షేక్ జాయెద్ మసీదు దగ్గర పట్టింపు ఎక్కువ. ఆడవాళ్లు తల కప్పుకోవాలి, ఒళ్లంతా వదులుగా, పొడుగ్గా ఉండే బట్టలు. మగవాళ్లకి నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు వద్దు. అదే అబుదాబిలో 2024లో తెరిచిన బాప్స్ హిందూ మందిరంలో కూడా మెడ నుంచి చీలమండ దాకా, చేతులు మోచేతి దాకా కప్పి ఉండాలి. 'మన గుడే కదా' అని నిక్కర్లతో వచ్చినవాళ్లు ముందు దీన్ని చదవండి. తిరుమలలో దర్శనానికి మగవాళ్లని పంచో, పైజమానో వేసుకోమంటే వేసుకోవట్లేదా?

కోటమిట్ట_చాయ్ (నెల్లూరు)

భాయ్, టూరు కాదు కానీ ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి వెళ్లేవాళ్లకి రెండు మాటలు రాయొచ్చా? నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లు బాగానే ఉన్నారు.

వేదిక_నిర్వాహకుడు

రాయండి. బట్టల గురించే కదా.

కోటమిట్ట_చాయ్

ఇహ్రామ్ అంటే మగవాళ్లకి కుట్టు లేని రెండు తెల్లగుడ్డలు. ఒకటి లుంగీలా నడుముకి, ఒకటి భుజాలకి. లోపల డ్రాయరు, బనీను ఏవీ ఉండకూడదు, తల కప్పకూడదు. విమానం మీఖాత్ (ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు) దాటకముందే ఇహ్రామ్‌లో ఉండాలి కాబట్టి చాలామంది ఎయిర్‌పోర్టులోనే కట్టేసుకుంటారు. ఫ్లైట్లో ఏసీకి వణుకు, అక్కడ దిగాక ఎండ.

జిమ్ములో తిరిగేవాళ్లు కూడా తవాఫ్ (కాబా చుట్టూ తిరగడం), సయీ (సఫా, మర్వా గుట్టల మధ్య నడక) నడిచేసరికి తొడలు ఒరుసుకుని అల్లాడతారు, లోపల ఏమీ ఉండదు కదా. కావలి తమ్ముడు చెప్పిన వాజలిన్ ఇక్కడా పనికొస్తుంది, కానీ సువాసన లేనిదే వాడాలి, ఇహ్రామ్‌లో సెంటు నిషిద్ధం. సబ్బు కూడా వాసన లేనిది. నడుముకి బెల్టు పెట్టుకోవచ్చు, అందులో డబ్బు, కార్డులు. గుడ్డ టర్కీ తువ్వాలు రకం, పల్చటి నూలు రకం రెండూ దొరుకుతాయి. ఎండాకాలానికి పల్చటిదే. లుంగీ కట్టడం రాని కుర్రాళ్లు ముందు వారం రోజులు ఇంట్లో లుంగీతో తిరిగి అలవాటు చేసుకోండి. ఆడవాళ్లు మామూలు నిండు బట్టలే, ముఖానికి నిఖాబ్ మాత్రం ఇహ్రామ్‌లో ఉండకూడదు.

మలేషియా టూరులో పుత్రజయలో గులాబీ రంగు మసీదుకి తీసుకెళ్తారు. అక్కడ టూరిస్టులకి పొడుగు గౌన్లు వాళ్లే ఇస్తారు, హుడ్ తలమీదికి లాక్కోవాలి. బారాషహీద్ దర్గాలో తలకి కర్చీఫ్ కట్టుకోవడం రొట్టెల పండక్కి వచ్చే మీ అమ్మగారికి కొత్తేం కాదు కదా.

ఒంగోలు_గిత్త

క్రికెట్ చూడ్డానికి వెస్టిండీస్ వెళ్లే మహానుభావులు ఎవరైనా ఉంటే వినండి. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్‌లో మిలిటరీ మచ్చల బట్టలు మామూలు జనం వేసుకుంటే చట్టప్రకారం నేరం. ప్యాంటు, టోపీ, బ్యాగు, చిన్నపిల్లల చొక్కా కూడా. మన దగ్గర ప్రతి ఫుట్‌పాత్ మీద అమ్మే కార్గో ప్యాంటు అక్కడ లాగేసుకుంటారు.

మైపాడు_అల

గిత్త అన్నా, మీరు ఒంగోలు దాటి ఎప్పుడైనా వెళ్లారా :)

ఒంగోలు_గిత్త

మా తమ్ముడు వెళ్లాడు. బాలి కూడా వెళ్లాడు. అక్కడ గుళ్లలో ప్యాంటు వేసుకున్నా సరే పైన సారంగ్ చుట్టి, నడుముకి గుడ్డ పట్టీ కట్టాలంట. మా వాడు ఇంటినుంచి తీసుకెళ్లిన గళ్ల లుంగీ చుట్టుకుని అద్దె డబ్బులు మిగుల్చుకున్నాడు. కాబట్టి పంచె సంగతిలో కూడా నేను తగ్గుతున్నా, రాసుకోండి.

కావలి_కుర్రాడు

నేను పనిమీద జపాన్‌లో ఉన్నాను కొన్నాళ్లు. అక్కడికి వెళ్లేవాళ్లు సాక్సులు చూసుకోండి, బొటనవేలు బయటికి వచ్చినవి కాదు. ఇళ్లలో, చాలా గుళ్లలో, కొన్ని హోటళ్లలో భోజనానికి కూడా బూట్లు విప్పాలి. చాప గదిలోకి స్లిప్పర్లు కూడా వద్దు, బాత్రూముకి వేరే స్లిప్పర్లుంటాయి, అవి వేసుకుని గదిలోకి వచ్చేయొద్దు. హోటల్ వాళ్లిచ్చే యుకాటాకి (ముందువైపు అంచులు కలిపి కట్టుకునే పొడుగు నూలు అంగీ) ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. తిరగేసి కట్టేది శవానికి.

రంగనాయకులపేట_అక్క

అయ్యో, బాగా గుర్తుచేశావు, హోటల్ అంటే గుర్తొచ్చింది. పొద్దున టిఫిన్ దగ్గరికి నైటీ మీద తువ్వాలు కప్పుకుని, లుంగీ బనీనుతో దిగేవాళ్లు మన గ్రూపుల్లో తప్పకుండా ఉంటారు. నైటీ గది తలుపు దాటకూడదు. మన వీధిలో కూరగాయల బండి దగ్గరికి వెళ్తాం, సరే, అది మన వీధి. అక్కడ టిఫిన్ హాలంటే నలుగురు కూర్చుని తినే చోటు. పెద్దవాళ్లకి నేరుగా చెబితే బాధపడతారు, కాబట్టి మీ ఆవిడ ముందురోజు రాత్రే పొద్దున కట్టుకునే చీర మడిచి మంచం పక్కన పెడితే సరిపోతుంది.

పెన్నా_ఒడ్డు

అన్నీ రాసుకున్నా. ఇక మిగిలింది బంగారం. అమ్మ నానుతాడు, గాజులు, కమ్మలు తీయనంటోంది. ఎయిర్‌పోర్టులో విప్పమంటారా?

పొదిలి_నుంచి_దుబాయ్

మామూలుగా విప్పమనరు. మెషిను కూస్తే లేడీ స్టాఫ్ చేతి మెషిన్‌తో చూసి పంపేస్తారు. కూసేది చాలాసార్లు చీరకి గుచ్చిన పిన్నులకి. భుజానికి ఒకటి, కుచ్చిళ్లకి ఒకటి ఉంచి మిగతావి సూట్‌కేసులో వేయండి. అసలు చిక్కు తిరిగొచ్చేటప్పుడు. ఒంటినిండా బంగారంతో దిగితే అక్కడ కొన్నారా అని కస్టమ్స్‌వాళ్లు అడగొచ్చు. ఖరీదైన నగలు తప్పనిసరిగా తీసుకెళ్లాలంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ కౌంటర్లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అంత గోల ఎందుకు, సూత్రాలు పసుపుతాడుకో సన్నటి నల్లపూసలకో వేయించి, జాకెట్ లోపలికి వేసుకోమనండి. గాజులు మట్టివి.

పెన్నా_ఒడ్డు

మట్టిగాజులకి ఒప్పుకుంది. నల్లపూసల సంగతి నాన్నతో మాట్లాడి చెబుతుందట. కోరల్ ఐలాండ్ రోజు చుడీదార్ అంటే మాత్రం "నేను హోటల్లోనే రామకోటి రాసుకుంటా" అంటోంది. టైలర్ గారూ, చుడీదార్ కాకుండా ఏదైనా దారి ఉందా?

ట్రంకురోడ్డు_టైలర్

ఉంది. చుడీదార్ అనే మాట ఎత్తకండి. మోకాళ్ల కిందిదాకా వచ్చే వదులు లాల్చీ, చీర జాకెట్ మెడలాగా, అమ్మగారికి నచ్చిన చీర రంగు గుడ్డలోనే కుడతాను. కింద వదులు పైజమా, చీలమండ దగ్గర ఎలాస్టిక్, తడిసినా కాళ్లకి చుట్టుకోదు. పైన అదే గుడ్డతో కొంగులాగా రెండు గజాల చున్నీ, భుజం దగ్గర కుట్టేస్తాను, గాలికి ఎగరదు. ఇలాంటివి తీర్థయాత్రలకి వెళ్లే పెద్దవాళ్లకి కుట్టాను, వేసుకున్నారు. అమ్మగారి పాత జాకెట్ ఒకటి కొలతకి పంపండి చాలు. పావడాలు, మోచేతి జాకెట్లు కూడా కలిపి ఇచ్చేట్టయితే ఉగాదిలోపు గుడ్డ చేరాలి. ఆ తర్వాత పెళ్లిళ్ల జాకెట్లు మొదలవుతాయి, అప్పుడు కలెక్టరు గారు అడిగినా నెల రోజులు ఆగమంటాను.